లాంగ్‌స్టోను దీపస్తంభము

గ్రేస్ డార్లింగు అను యువతి తుపానులో పడవ నడిపి ప్రాణములు గాచిన కథను మన విద్యార్థులలో పలువురు వినియే యుందురు. ఆమె నివసించిన దీపస్తంభమును గూర్చి యడిగినవారు మాత్రము అరుదు. ఒక్క యుదయపు సాహసమును కొనియాడి, దానికి తావైన దీపమును, ఆ దీపమును వేలకొలది రాత్రులు వెలిగించిన చేతులను మరచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

ఇంగ్లాండు ఈశాన్య తీరమున, నార్తంబర్లాండు సీమ కెదురుగా, ఫార్ను దీవులను రాతిదీవుల గుంపు కలదు. వానిలో కొన్ని పోటునకు మునిగి పాటునకు తేలును. కావున అవి యెన్ని యని యడిగినచో ఏ వేళ లెక్కించితి రని తిరిగి యడుగవలసి వచ్చును. గుంపునకు వెలుపలి యంచున నున్నది లాంగ్‌స్టోను. పూర్వము దీపము బ్రౌన్స్‌మన్ అను లోపలి దీవిపై నుండెడిది. అది బయటి రాళ్లకు దూరమగుటచే ఓడలకు చాలినంత యుపకారము జరుగలేదు. అందుచే జోసఫ్ నెల్సను గీసిన నమూనా ననుసరించి 1826లో లాంగ్‌స్టోనుపై క్రొత్త స్తంభము వెలసెను. ఎత్తు 26 మీటర్లు. ఎఱ్ఱని గోడకు నడుమ తెల్లని పట్టె. దీపము కాపరియగు విలియం డార్లింగు కుటుంబముతో అచ్చటికి మారునప్పటికి గ్రేసుకు పదేండ్లు. ఆ దీవిపై మొక్క నాటుటకు మన్ను లేదు. కూరగాయల కొఱకు వారు పాత దీవిలోని తోటకు పడవపై పోవుచుండిరి. ఆమెకు తెడ్డు పట్టుట అలవడినది ఇట్టి రాకపోకలలోనే గాని, ఆ తుపాను నాడు కాదు.

ఆ కాలపు దీపము నూనెతో వెలుగునది. వెనుక నిలిపిన లోహపుటద్దములు వెలుగును కూడదీసి దూరమునకు పంపును. ప్రొద్దు గ్రుంకినది మొదలు తెల్లవారువరకు ఎవరో యొకరు మేల్కొని వత్తి సవరింపవలెను, నూనె చూడవలెను. పగలు అద్దముల మసి తుడువవలెను. పండుగ యనియు, జ్వర మనియు ఆ పనికి సెలవు లేదు.

1838 సెప్టెంబరు 7వ తేదీ వేకువను హల్లు నుండి డండీకి పోవుచున్న ఫార్ఫర్షైరు అను పొగయోడ బిగ్ హార్కరు రాతిని తాకి రెండు ముక్కలయ్యెను. బాయిలర్లు కారి యంత్రములు నిలిచిపోగా, లోపలి ఫార్ను దీపమని భ్రమించి లాంగ్‌స్టోను దీపమును చూచి కప్తాను దారి తప్పె నని చెప్పుదురు. దీపము కనబడిన చాలదు, అది యే దీపమో తెలియవలెను. నేడు దీపములు తమ తమ లెక్క చొప్పున మెఱయుట ఇందుకే. లాంగ్‌స్టోను ఇరువది సెకండుల కొకమారు తెల్లగా మెఱయును.

ఓడ శకలమును గ్రేసు తన గది కిటికీనుండి చూచెను. తమ్ముడు ఆ రాత్రి ఒడ్డున నుండెను. తండ్రికి తోడు తెడ్డు వేయుటకు ఆమె తప్ప వేఱొకరు లేరు. ఇరువదియొక్క అడుగుల చేపలపడవలో, గాలి కొంత తక్కువగు ప్రక్కనుండి చుట్టు తిరిగి, ఇంచుమించు మైలు దూరము వారు పోయిరి. తండ్రి రాతిపైకి దూకగా, పడవ రాతికి కొట్టుకొని పగులకుండ అలలలో ఆమె యొక్కతెయే నిలిపెను. తెడ్డు వేయుటకంటె ఇదియే కష్టతరమని మా తలంపు. మొదటి మారు ఐదుగురిని దెచ్చిరి. అందొక తల్లి, తన యిద్దరు బిడ్డలును ఒడిలోనే చనిపోగా మిగిలినది. రెండవ మారు గ్రేసు ఇంట నిలిచి వారికి ఉపచారము చేయుచుండ, తండ్రి రక్షింపబడిన నావికుల నిద్దరిని తోడుగొని పోయి తక్కిన నలువురిని దెచ్చెను.

తరువాత లోకము ఆమెను విడువలేదు. తండ్రికి, కూతురికి వెండి పతకము లిచ్చిరి. విక్టోరియా రాణి ఏబది పౌనులు పంపెను. చిత్రకారులు వరుసగా వచ్చిరి. వెండ్రుకలు పంపుమని, బట్టముక్క పంపుమని జాబులు వ్రాసిరి. 1842 అక్టోబరు 20న, ఇరువదియాఱవ యేట, ఆమె క్షయచే మరణించెను.

అదే యుదయమున నార్త్ సండర్లాండు రేవునుండి ఏడుగురు మనుష్యులు అదే సముద్రమున పడవ వేసికొని అదే రాతికి పోయిరి. వారిలో గ్రేసు తమ్ముడును కలడు. వారు చేరునప్పటికి అచ్చట శవములు తప్ప మఱేమియు లేదు. తుపాను తగ్గక ఒడ్డునకు మరలలేక వారును లాంగ్‌స్టోనుననే తలదాచుకొనిరి. వారి దూరము హెచ్చు, వారి యపాయము తక్కువ కాదు. రక్షించుటకు ఎవరును మిగులలేదు గనుక కీర్తియు దక్కలేదు. ఈ కథను తరగతిలో చెప్పు ఉపాధ్యాయులు ఆ యేడుగురిని విడువక చెప్పవలెనని మేము కోరుచున్నాము. గ్రేసు పేరు దానివలన తగ్గదు. విలియం డార్లింగు తన దినచర్య పుస్తకమున ఆ దినమును గూర్చి కొలది పంక్తులే వ్రాసికొనెను. తొమ్మండుగురిని డార్లింగులు రక్షించిరనియు, నలువది ముగ్గురు మరణించిరనియు అందున్నది. కూతురి పేరు ప్రత్యేకముగ లేదు.

ఆ స్తంభమునకు 1952లో విద్యుద్దీపము వచ్చెను. 1990 సెప్టెంబరులో యంత్రమే దీపమును నడుపునట్లు ఏర్పాటు కాగా కడపటి కాపరులు దీవిని విడిచిరి. నాటి పడవ బాంబరో గ్రామమున ఆమె పేరిట 1938లో తెఱచిన ప్రదర్శనశాలలో నున్నది.