ఆరాధకుడి సాక్ష్యానికి ఎర అక్కర్లేదు

ఆరాధించాల్సింది ఈ కొండమీదా, యెరూషలేములోనా అన్నది సమరయ స్త్రీ సందేహం. స్థలం కాదు, ఆత్మతో, సత్యంతో తండ్రిని ఆరాధించడమే ముఖ్యమని యేసుప్రభువు బోధించాడు (యోహాను 4:5-30). క్రీస్తును గుర్తించిన ఆమె కుండ అక్కడే వదిలి ఊళ్లోకి వెళ్లి, వచ్చి చూడమని అందరినీ పిలిచింది. ఎవరికీ ఏ ఆశా చూపలేదు.

ఆశ చూపి మతంలో కలుపుకుంటారన్న నింద మనం తరచూ వింటాం. దానికి ఒంగోలు చరిత్రలో జవాబుంది. 1876-78 కరవులో అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం ఆగమన్నాడు. అన్నం కోసం ఎవరూ విశ్వాసులు కాకూడదన్నది ఆయన పట్టుదల. కరవు సాయం ముగిశాకే బాప్తిస్మాలు మొదలయ్యాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆరాధనలో మనం దేవుని ఎదుట ఖాళీ చేతులతో నిలబడి కృప పొందుతాం. ఉచితంగా పొందినదాన్ని పొరుగువారికి వెలకట్టి అమ్మగలమా? అన్నం పెట్టేటప్పుడు షరతు పెట్టొద్దు. ఎందుకు పెడుతున్నారని వారడిగితే ప్రభువు పేరు దాచొద్దు. అప్పుడే మన ఆరాధన చర్చి గోడలు దాటి పొరుగింటికి చేరుతుంది.