కరక కొండ మీద రంగురాళ్లు

1848 జనవరిలో కాలిఫోర్నియాలోని ఒక కోతమిల్లు కాలువలో జేమ్స్ మార్షల్‌కు బంగారు పలుకులు కనిపించాయి. ఏడాది తిరిగేసరికి లోకమంతా అటు పరుగెత్తింది. కె. కోటపాడులో కూర్చున్న మనం అంత దూరం చూడనక్కర్లేదు. మన అనకాపల్లి జిల్లాలోనే, గొలుగొండ మండలంలో, కరక కొండ ఉంది.

1990ల్లో అక్కడ అలెగ్జాండ్రైట్ దొరుకుతోందన్న కబురు పొక్కింది. పగటి వెలుతురులో పచ్చగా, దీపం ముందు ఎర్రగా మెరిసే రాయి అది. రిజర్వు ఫారెస్టు అయితేనేం, గునపాలూ పారలూ పట్టుకుని జనం కొండెక్కారు. గోతులు సొరంగాలయ్యాయి. మట్టిపెళ్లలు విరిగిపడి కూలీలు చనిపోయారు. దొంగతవ్వకం కదా, పరిహారం అడగడానికి నోరెక్కడిది? రాయి దొరికినా దాని విలువ తెలిసింది కొనేవాడికే; అతను చెప్పిన ధరకు తవ్వినవాడు తలూపాల్సిందే.

కాలిఫోర్నియాలోనూ అంతే. పారలు, పళ్లేలు అమ్మిన శామ్యూల్ బ్రానన్ అప్పట్లో లక్షాధికారి అయ్యాడు. బంగారం మొదట చూసిన మార్షల్ 1885లో పేదవాడిగానే పోయాడు. (బ్రానన్ సంపద కూడా చివరిదాకా నిలవలేదనుకోండి.)

ఈ సంచికలో రాళ్ల కంటే కూలీలకే ఎక్కువ పుటలిచ్చాం. కరక ఎక్కి దిగినవాళ్లు మన పాఠకుల్లో ఉంటే రాయండి. పేర్లు వేయం.