పరీక్షకు దొరకని లోపం

2025 నవంబరు 4న బిలాస్‌పూర్ వద్ద మెము రైలు గూడ్సును వెనుక నుంచి ఢీకొంది. పది మందికి పైగా చనిపోయారు. రైలు ఎర్ర సిగ్నల్ దాటిందని ప్రాథమిక విచారణ చెప్పింది. ఇలాంటి మాట నిగ్గు తేల్చడానికి రిలే గదిలోని డేటా లాగర్ కీలక సాక్షి. ఆ సాక్షికీ పరిమితులున్నాయి.

సిగ్నల్ వలయంలో భాగం పూర్తిగా చెడితే ఎర్ర దీపం పడి రైలు ఆగుతుంది. వచ్చిపోయే లోపంతోనే చిక్కు. పగిలిన టంకం ఎండకు విచ్చుకుంటుంది, టెక్నీషియన్ వచ్చేసరికి చల్లబడి అతుక్కుంటుంది. రిజిస్టరులో ‘లోపం లేదు’ అని రాస్తారు. సైన్యంలో మా రేడియో సెట్లూ వర్క్‌షాపు నుంచి ఇలాగే తిరిగొచ్చేవి!

లాగర్ రిలేలను 16 మిల్లీసెకన్లకోసారి చూస్తుంది. అంతకంటే తక్కువసేపు వదులైన కాంటాక్టు దాని కంటబడకపోవచ్చు. నమోదైనదైనా పక్క స్టేషన్ గడియారంతో సరిపోలాలి.

2016లో సింగపూర్ సర్కిల్ లైన్‌లో రైళ్లు అకారణంగా ఆగిపోయేవి. సంఘటనలను సమయం, చోటు, దిశలవారీగా గ్రాఫు గీస్తే లోపం ఎదురుదిశలో కదులుతున్నట్టు కనిపించింది. ఎదురుగా వచ్చే పీవీ46 అనే ఒక్క రైలు వెలువరించే తరంగాలే కారణం.

కోర్బా బొగ్గు, అవసరమైతే యుద్ధ ట్యాంకులు వెళ్లేది ఈ పట్టాల మీదే. తనంతట తానే పోయిన లోపం ఫైలును ఆగ్నేయ మధ్య రైల్వే కనీసం మూడు నెలలు మూయకూడదు. స్టేషన్ల లాగ్‌లు కలిపి చదివించాలి. కవచ్ వచ్చినా ఈ పని తప్పదు. స్టేషన్లో అదీ ఈ రిలేల మాటే వింటుంది.