కెన్యాలో ఓ బిందెడు మంచినీళ్లు

కెన్యాలో ఎవరైనా 'సా టాటు'కి రమ్మన్నారంటే మాటకు మాటగా అర్థం... మూడు గంటలకు అని. అది నమ్ముకుని మధ్యాహ్నం మూడింటికి వెళ్లారో, అక్కడ ఎవరూ ఉండరు. స్వాహిలీ లెక్కలో గంటలు సూర్యోదయంతో మొదలవుతాయి. వాళ్ల మూడు అంటే మన పొద్దున తొమ్మిది! నీటి ఫిల్టర్ల పనిమీద ఆ దేశం వెళ్లేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఇదే.

రెండోది తిండి. ఉగాలి అంటే మొక్కజొన్న పిండిని వేడినీళ్లలో గట్టిగా కెలికి చేసే ముద్ద. మన సంకటి తిన్న చేతికి అదేమీ కొత్త కాదు. పక్కన 'సుకుమా వికీ' అనే ఆకుకూర. ఆ పేరుకు అర్థం 'వారాన్ని నెట్టు' అని. చేతిలో డబ్బుల్లేనప్పుడు వారం నెట్టుకొచ్చే కూర అన్నమాట. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుమూ వైపు అయితే ఒమెనా అనే చిన్న చేపలు ఉంటాయి. చాయ్, చపాతీ మాత్రం అక్కడా చాయ్, చపాతీలే. 1896లో మొంబాసాలో మొదలై 1901లో ఆ సరస్సును చేరిన రైలు మార్గం కోసం అప్పటి బ్రిటిష్ ఇండియా నుంచి 30 వేల మందికి పైగా కూలీలు వెళ్లారు మరి.

తిన్నాక పని. ఆ పల్లెల్లో ఏ దారిన చూసినా పసుపుపచ్చ జెరికాన్లే. వంటనూనె అయిపోయాక మిగిలిన డబ్బాలు నీళ్ల బిందెలవుతాయి. ఒక్కోదాంట్లో 20 లీటర్లు, అంటే 20 కిలోల బరువు. ఊట నుంచి ఇంటిదాకా దాన్ని మోసేది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలే.

ఆ నీటిని శుభ్రం చేసేందుకు వాడే పద్ధతుల్లో ఇసుక ఫిల్టర్ ఒకటి. 1990ల్లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ దీన్ని రూపొందించారు. నడుం ఎత్తు సిమెంటు పెట్టె. అడుగున కంకర, పైన సన్న ఇసుక. కరెంటు అక్కర్లేదు. చూడ్డానికి సులువే కానీ రోజంతా తినేసే పని ఇసుక కడగడం. మట్టి మిగిలితే ఫిల్టర్ పూడుకుపోతుంది. మరీ ఎక్కువ కడిగితే సన్న ఇసుక కొట్టుకుపోయి నీళ్లు జారిపోతాయి. అందుకే గుప్పెడు ఇసుకను గాజుసీసాలో నీళ్లుపోసి తిప్పి చూస్తారు. కాస్త మసకగా ఉంటే సరే!

అసలు చిక్కు తర్వాత వస్తుంది. ఇసుక మీద ఎప్పుడూ 5 సెంటీమీటర్ల నీళ్లు నిలిచి ఉండాలి. అక్కడ మేలుచేసే సూక్ష్మజీవుల పొర పెరిగి, నీటితో వచ్చే రోగక్రిములను తినేస్తుంది. ఆ పొర పూర్తిగా తయారవడానికి నెలదాకా పట్టొచ్చు. అందాకా వడకట్టిన నీటిని కాచో, క్లోరిన్ వేసో తాగాలి. పోనీ, క్రిములు చావాలని క్లోరిన్ పైనుంచే పోస్తే? మేలుచేసే పొర కూడా చచ్చిపోతుంది. చంటిబిడ్డను చంకనెత్తుకున్న తల్లికి ఇవన్నీ ఓపిగ్గా చెప్పాలి. తలుపు దగ్గరే నిలబడి చెబితే కుదరదు. 'కరీబు' అంటూ లోపలికి రమ్మంటారు. చాయ్ తాగాలి, పిల్లల చదువులు అడగాలి. అప్పుడు ఫిల్టర్ మాట.

అంతా చేశాక కూడా పని సగమే అయినట్టు. పశ్చిమ కెన్యాలో ఊటలకు సిమెంటు కట్టుబడి చేయిస్తే ఏమవుతుందో ఆర్థికవేత్త మైఖేల్ క్రెమర్, ఆయన సహచరులు పరిశీలించారు. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఊట దగ్గర నీటిలో మలిన క్రిములు 66 శాతం తగ్గాయి. ఇంట్లో నీటిలో మాత్రం అంత తగ్గలేదు. మోసుకొచ్చే డబ్బా, ముంచే చెయ్యి దాన్ని మళ్లీ పాడుచేస్తున్నాయి! అదే 2011లో అదే ప్రాంతంలో కొద్ది వారాల్లో దాదాపు తొమ్మిది లక్షల ఫిల్టర్లను ఇంటింటికీ ఉచితంగా పంచారు. పంచడం వారాల్లో అయిపోతుంది. వాడించడానికి మాత్రం పదేపదే ఆ గడపలు తొక్కాల్సిందే. మూత ఉన్న డబ్బా వాడుతున్నారా, కుళాయి తిప్పే చెయ్యి కడుగుతున్నారా అని అడగాల్సిందే.

ఇక రిఫ్ట్ లోయలోని నకూరు వైపు వెళ్తే కథే వేరు. అక్కడ బోరు నీళ్లు తేటగా కనిపిస్తాయి. పిల్లలు నవ్వితే మాత్రం పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. కారణం మనకు బాగా తెలిసిన శత్రువే... ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. మరిగిస్తే అది పోదు. ఇసుక ఫిల్టరూ ఆపలేదు. నకూరులో పశువుల ఎముకలను గాలి ఎక్కువ తగలకుండా కాల్చి, ఆ నల్లటి బొగ్గు గింజలతో ఫిల్టర్లు చేశారు. ఎముకలోని ఖనిజం ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. కొన్నాళ్లకు దాని శక్తి తీరిపోతుంది, బొగ్గు మార్చాలి. ఎప్పుడు మార్చాలో కంటికి, నాలుకకు తెలియదు. నీటిని పరీక్షించాల్సిందే.

ఫ్లోరైడ్ తొలగించే మరో విధానానికి మన ఊరి పేరే ఉంది. నాగ్‌పూర్‌లోని 'నీరి' సంస్థ 1970ల్లో పటిక, సున్నంతో రూపొందించిన పద్ధతిని ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అంటుంది. తూర్పు ఆఫ్రికాలోనూ దాన్ని వాడి చూశారు. నడుం వంగిన మన పల్లెల బాధ పేరు, అంత దూరాన పిల్లల పళ్లు కాపాడే ప్రయత్నానికి పేరైంది!

పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినట్టు, మచ్చపడ్డ పళ్లు మళ్లీ రావు. వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. అందుకే నీళ్లలో ఏముందో తెలుసుకుని ఫిల్టర్ ఎంచుకోవాలి. ఎంచుకున్నాక దాన్ని పట్టించుకోవాలి. ఆ మాట కెన్యా తల్లికి ఎంతో మనకూ అంతే. మీ వంటింట్లో ఫిల్టర్ ఉందా? చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో, నీళ్లు పట్టిన బిందెలో ఎవరి గ్లాసు మునిగిందో ఈ ఆదివారం ఓసారి చూడండి.