ఒంగోలు గిత్తకు గడ్డి ఏదీ?

బ్రెజిల్‌లో వయాటినా-19 అనే నెలోర్ జాతి ఆవు 2023లో 40 లక్షల డాలర్లకు పైగా విలువ పలికిందన్న వార్త తెలుగునాట ఇప్పటికీ ఏదో ఒక వేదికపై వినబడుతూనే ఉంది. అది ఒంగోలు జాతి సంతతి కనుక గర్వించడంలో తప్పు లేదు. కానీ ఆ జాతిని నిలబెట్టిన పచ్చికను పుట్టినచోటనే పోగొట్టుకుని, పరాయిగడ్డ మీది ధరను చూసి మురిసిపోవడం క్షమించరానిది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్‌కు వెళ్ళిన ఈ పశువులకు ఒంగోలు అప్పట్లో ఉన్న నెల్లూరు జిల్లా పేరే నెలోర్‌గా నిలిచిపోయింది. 1960ల ఆరంభంలో వెళ్ళిన ఆబోతుల్లో ఒకదానికి ఒంగోలు దాపునున్న కరవది పేరు పెట్టగా, ఆ పేరు నేటికీ అక్కడి వంశావళుల్లో గౌరవంగా నిలిచి ఉంది. ఎండకు ఓర్చుకుని, మోటు గడ్డి తిని కండ పట్టగల గుణం వల్లనే 20 కోట్లు మించిన బ్రెజిల్ పశుసంపదలో నెలోర్‌దీ దాని సంకరాలదీ సింహభాగమైంది. ఇక్కడ దుక్కికీ పాడికీ పెంచిన పశువును అక్కడ మాంసానికి పెంచుతున్నారు. ఆ పశువుల్లో అధికభాగం బీళ్ళలో మేసి ఎదిగినవే.

నెమరువేసే పశువు పొట్టలోని మొదటి గది, అంటే రూమెన్, సూక్ష్మజీవుల సాయంతో పీచును జీర్ణం చేయడానికి ఏర్పడినది. గింజల దాణా మితిమీరితే అందులో ఆమ్లం పెరిగి పశువు జబ్బుపడుతుంది. పచ్చిక మేసిన పశువు మాంసంలో మొత్తం కొవ్వు తక్కువగానూ, ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, విటమిన్ ఇ ఎక్కువగానూ ఉంటాయి. గడ్డిలోని బీటా కెరోటిన్ వల్ల కొవ్వుకు పసుపు ఛాయ వస్తుంది. కానీ పచ్చిక మీద ఎదుగుదల నెమ్మది కనుక, పశువులను ఇరుకు దొడ్లలో కట్టి దాణాతో త్వరగా బలిపించే ఫీడ్‌లాట్ పద్ధతి వ్యాపారులకు లాభసాటి అయింది. 'గడ్డి మేసినది' అన్న ముద్రకు అమెరికా వ్యవసాయ శాఖ 2007లో ఇచ్చిన ప్రమాణాన్ని 2016లో తానే ఉపసంహరించుకోవడంతో, ఆ మాటకు అక్కడ ఉమ్మడి కొలబద్ద లేకుండా పోయింది.

అయితే అంతకంటే పెద్ద అన్యాయం ఇక్కడే జరుగుతున్నది. గరిక, పిల్లిపెసర, జొన్నచొప్ప తిని పెరిగిన జాతికి ఊరుమ్మడి బీళ్ళే ఆధారం కాగా, వాటిని ఆక్రమణలూ, జామాయిల్ తోటలూ, చేపల చెరువులూ, ప్రభుత్వాలే చేసిన కేటాయింపులూ మింగివేశాయి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించినా, ఆ తీర్పు అమలులో పట్టుదల కనబడదు. మేలుజాతి వీర్యానికీ పిండమార్పిడికీ నిధులు కేటాయించే పాలకులు, పుట్టిన దూడ ఎక్కడ మేయాలన్న ప్రశ్నను మాత్రం దాటవేస్తున్నారు. మేత లేని జాతిరక్షణ ప్రయోగశాల గోడల మధ్యనే మిగిలిపోతుంది గనుక, ప్రతి గ్రామంలోనూ బీడును కొలిచి, హద్దురాళ్ళు నాటి, పశుపాలకులకు తిరిగి అప్పగించడమే ప్రభుత్వం చేయవలసిన మొదటి పని. ఒంగోలు పేరు చెప్పి గర్వించే అర్హత ఆ తరువాతే వస్తుంది.