పాత మోటారుబండ్లకు కొత్త ధరలు

2022వ సంవత్సరము మే మాసములో జర్మనీ దేశమందలి స్టుట్‌గార్టు పట్టణమున, మెర్సిడీస్ బెంజ్ కంపెనీవారి ప్రదర్శనశాలయందు జరిగిన వేలములో 1955 నాటి మోటారుకారొకటి 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయెను. ఆనాటి మారకపు రేటున అది మన రూపాయలలో వేయి కోట్లకు మించిన సొమ్ము. ఆ రకపు బండ్లు లోకములో రెండే నిర్మింపబడినవి. వచ్చిన ధనముతో విద్యార్థి వేతనములకై నిధి నేర్పరచెదమని కంపెనీవారు ప్రకటించిరి. ఇది ఐశ్వర్యవంతుల విలాసమని నవ్వి యూరకుండవచ్చును. కాని ఆ గాలి మన పట్టణములకును పల్లెలకును గూడ సోకినది.

1985 మొదలు 1996 వరకు మన దేశమున తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 మోటారుసైకిలును నేడు మన యువకులు వెదకి వెదకి, కొత్తగా వచ్చిననాటి వెలకు అనేక రెట్లిచ్చి కొనుచున్నారు. ఫలానావారి కొట్టములో తాతగారి అంబాసిడరు కారు మూలబడి యున్నదని తెలిసినచో దళారులు గుమ్మ మెక్కుచున్నారు. రేపు దేనికి ధర వచ్చును, నేడు దేనిని కొని దాచవలయును అను ప్రశ్న చేతిలో కాస్త సొమ్ము గల గృహస్థులను కలవరపెట్టుచున్నది. కావున ఈ విషయమును, ఇంటి లెక్కను బట్టియు దేశపు లెక్కను బట్టియు, విచారించుట మంచిదని మాకు తోచినది.

పాతబండ్లకు ధర పెరుగుటకు అరుదైన సంఖ్య మొదటి కారణము. పందెములలోను చరిత్రలోను గడించిన కీర్తి రెండవది. ఇటలీ దేశపు ఫెరారీ కంపెనీవారు 1962 మొదలు 1964 వరకు ‘250 జీటీఓ’ అను పందెపుకార్లను 36 మాత్రమే చేసిరి. 1960ల చివర అవి కొన్ని వేల డాలర్లకే చేతులు మారినవి. పందెములకు పనికిరాని పాత సరకని వాటి నెవరును లెక్కచేయలేదు. 2018లో వానిలో నొకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికినది. ఇంగ్లాండులో 1990లలో చేయబడిన మెక్‌లారెన్ ఎఫ్1 కార్లు మొత్తము 106. కొత్తనాడు దాని వెల సుమారు 5 లక్షల 40 వేల పౌనులు. 2021లో అమెరికాలో నొకటి 2 కోట్ల 4 లక్షల డాలర్లకు పోయినది.

ఈ యంకెలను చూచి కన్నులు చెదరినవారు అదే కథయొక్క రెండవ యధ్యాయమును గూడ చదువవలయును. 1988లో ఎన్జో ఫెరారీగారు కాలధర్మము నొందిన పిదప ఆయన బండ్లకై ఎగబడని ధనికుడు లేడు. జపాను దేశమున భూముల ధరలు, వాటాల ధరలు మిన్నంటుచుండిన దినములవి. ఆ సొమ్ము వేలములలోనికి వరదవలె వచ్చినది. 1989లో జీటీఓ ధర కోటి డాలర్లను దాటెను. ఆ వెంటనే జపాను బుడగ పగిలెను. 1990ల మధ్యకు వచ్చునప్పటికి అదే రకపు కారు అందు మూడవవంతు కంటె తక్కువకు దొరికినది. అప్పుచేసి కొన్నవారి గతి యేమైయుండునో పాఠకులే యూహింపవచ్చును. ధర తిరిగి పెరిగిన మాట నిజమే. అంతవరకు ఓపిక పట్టగలిగినవారు బండిపై ప్రేమచే కొన్నవారు, అప్పు లేనివారు మాత్రమే.

రాబోవు కాలమున దేనికి విలువ వచ్చునో ముందుగా పసికట్టగలమను జ్యోతిష్కులకు అమెరికా చరిత్ర మంచి గుణపాఠము. 1976లో కాడిలాక్ కంపెనీవారు, కప్పు మడచుటకు వీలైన ఎల్డొరాడో కారు ఇక తయారు కాబోదనియు, ఇదియే అమెరికాలో నట్టి కడపటి బండి యనియు చాటిరి. ఆ యేట 14,000 బండ్లు చేసిరి. అందు చివరి 200 తెల్లరంగువి. జనులు ఎగబడి, వెలకు మించి యిచ్చి కొని, తిప్పకుండ కొట్టములలో దాచిరి. అందరును దాచుటచే అది అరుదు కాలేదు. పైగా 1984లో ఆ కంపెనీవారే మరల మడతకప్పు ఎల్డొరాడోను అమ్మజూపిరి. మోసపోతిమని న్యాయస్థానమున కెక్కినవారును గలరు. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అను మన సామెత వారికి తెలిసియుండిన బాగుండెడిది.

దీనికి సరిగా వ్యతిరేకమైన కథ మరియొకటి గలదు. 1970లో ప్లిమత్ కంపెనీవారు పందెముల కొరకు ‘సూపర్‌బర్డ్’ అను కారును, ముందు పొడుగు ముక్కును వెనుక ఎత్తైన రెక్కను తగిలించి, విడుదల చేసిరి. దాని వింతరూపమును చూచి కొనువారు వెనుదీసిరి. కొందరు వర్తకులు ఆ ముక్కును రెక్కను ఊడదీసి మామూలు బండిగా అమ్ముకొనవలసి వచ్చెను. నేడు ఆ రెక్కల బండికే లక్షల డాలర్లు. దాచబడినది చౌక యగుటయు, త్రోసివేయబడినది ప్రియమగుటయు ఈ బేరములోని వింత. నేడు మనము దేనిని తుక్కుక్రింద తూచుచున్నామో దానియందే రేపటి విలువ యుండవచ్చును.

మూడవ కారణ మొకటి కలదు. అది అన్నిటికంటె బలమైనది. మనుష్యుడు పదునెనిమిదేండ్ల వయసున ఏ బండిని చూచి ఆశపడి కొనలేకపోయెనో, దానిని ఏబదియేండ్ల వయసున చేతిలో సొమ్ము చేరినప్పుడు కొనును. అమెరికాలో, ఆ దేశపు భద్రతా నియమములకు సరిపడునట్లు చేయబడని విదేశపు బండిని 25 ఏండ్లు నిండిన పిమ్మట గాని దిగుమతి చేసికొన వీలులేదు. 1999 నాటి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కార్లకు 2024లో ఆ గడువు తీరినది; బాల్యమున ఆటబొమ్మలుగా వాటిని చూచి పెరిగినవారే నేడు వాటికై పోటీ పడుచున్నారు. కోటిన్నర తయారైన ఫోర్డు మోడల్ టీ కారును పడుచుతనమున నడపినవారు నేడు లేరు. వారితో ఆ మమకారమును పోయినది. కావున భవిష్యత్తును గుణించుట యనగా యంత్రముల గుణమును గుణించుట గాదు, నేటి పిల్లల కోరికలను గుణించుటయే. ఆ విద్య యెవ్వరికి వచ్చును?

పొలము అమ్మి పాతకారు కొనదలచిన మిత్రులకు మేము చెప్పదగిన దిది. పొలము ఏటేట పంట నిచ్చును. కారు ఏటేట ఖర్చు తెచ్చును. దానికి కొట్టము కావలయును, టైర్లు కావలయును, తుప్పు పట్టకుండ చూచుకొనువాడు కావలయును, దొరకని విడిభాగములకై ఊరూర తిరుగవలయును. వేలములో పలికిన ధరలు పత్రికల కెక్కును. కొట్టములో కరగిపోయిన సొమ్ము ఏ పత్రికకును ఎక్కదు. ఇక ఇంట ఇదివరకే పాతబండి యున్నవారికి మా సలహా వేరు. తుక్కువాడు తూకము వేయుటకు వచ్చినప్పుడు తొందరపడవలదు. బండి కాగితములను, కొన్ననాటి రసీదులను భద్రపరచుడు. చట్రము నంబరును, ఇంజను నంబరును చెరుపనీయకుడు. అలంకారములకని రూపము మార్చకుడు. అసలు రూపమే దాని విలువ.

ఇంతవరకు ఇంటి లెక్క. దేశపు లెక్క ఇంతకంటె ముఖ్యమైనది. సంస్థానాధీశులు తెప్పించుకొన్న విలాసపు కార్లు, వారి సంపదలు తరుగుకొలది, అనేకములు సముద్రములు దాటిపోయినవి. 1950కి పూర్వపు బండ్ల ఎగుమతిపై మన ప్రభుత్వము నిర్బంధము విధించుటచే కొన్నియైన మిగిలినవి. హైదరాబాదు చౌమహల్లా భవనమున నైజాముల పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను నేడు సామాన్యులును చూడగలుగుచున్నారు. మంచిదే. కాని అది పరదేశపు పనివాని చేతిపని. మన పనివారి చేతిపని మాట యేమి?

వంగదేశమున ఉత్తరపారా కర్మాగారములో 1950ల చివరినుండి 2014 మే వరకు తయారైన అంబాసిడరు, బొంబాయి కుర్లాలో పుట్టి ఆ నగరపు టాక్సీయై 2023 అక్టోబరులో వీధులనుండి సెలవు తీసికొన్న ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీగారి చేతిమీదుగా తొలి తాళపుచెవి అందింపబడి 2014 జనవరి వరకు నడచిన మారుతి 800: వీటిపై మంత్రులు, వైద్యులు, పెండ్లికొడుకులు, పురిటినొప్పులు పడు తల్లులు ప్రయాణము చేసిరి. అంబాసిడరు మూలరూపము ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు గదా, పద్మిని ఇటలీ ఫియట్టు గదా యని కొంద రాక్షేపింతురు. రూపము పరదేశీయమే, దానిని అరువదేండ్లకు చేరువగా మన గుంతల బాటలపై, దొరకని విడిభాగములను తామే చేసికొనుచు నిలిపిన నేర్పు మన గ్రామ మెకానిక్కులది. 2017లో అంబాసిడరు అను పేరును మాత్రమే ఫ్రెంచి ప్యూజో కంపెనీవారు 80 కోట్ల రూపాయలకు కొనిరి. పేరుకు 80 కోట్లు వచ్చిన దేశమున బండి తుక్కుధరకు పోవుచున్నది. పెరటిచెట్టు మందునకు పనికిరాదనుట ఇదియే.

మన చట్టమును చూడుడు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నియమములు చేసినది. తొలి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపము చెడని బండికి 20,000 రూపాయల రుసుముతో ‘వీఏ’ అక్షరములు గల ప్రత్యేక సంఖ్య పదేండ్ల కిచ్చెదరు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప దానిని నిత్యము త్రిప్పరాదు. ఈ నియమము ప్రశంసనీయమే. కాని 50 ఏండ్లు నిండు దాక ఆ బండి బ్రతుకు టెట్లు? 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 600 రూపాయలుగా నున్న రుసుము 2022 ఏప్రిలు నుండి 5,000 ఆయెను. 20 ఏండ్లు దాటినవానికి 2025లో 10,000 చేసిరి. ఢిల్లీ ప్రాంతమున 10 ఏండ్ల డీసెలు బండ్లను, 15 ఏండ్ల పెట్రోలు బండ్లను తిప్పరాదని హరిత న్యాయస్థానము 2015లో విధించిన నిషేధమును సుప్రీంకోర్టు 2018లో బలపరచెను. ఆ పిదప దాని యమలులో సడలింపులు వచ్చులోపుననే ఎన్నియో బండ్లు తుక్కుపాలైనవి. 1985 నాటి అంబాసిడరు 2035లో గాని పురాతనము కాదు. అంతవరకు అది పాతదే, పూజ్యము కాదు. చట్టము ముసలివానికి పీట వేయుచు, ముసలివాడు కావలసినవానిని త్రోవలోనే త్రోసివేయుచున్నది.

పొగ సంగతి యేమని యడుగువారి ప్రశ్న న్యాయమైనది. నల్లపొగ గ్రక్కుచు రేయింబగళ్ళు తిరుగు పాత లారీలను, బస్సులను తొలగించు ప్రభుత్వ విధానమునకు మేము విరోధులము గాము. పసిబిడ్డల ఊపిరికంటె ఏ యంత్రమును ప్రియము గాదు. కాని ఏడాదికి నాలుగు పర్యాయములు కొట్టమునుండి వెలికివచ్చు బండిని, ప్రతిదినము వంద మైళ్ళు తిరుగు బండిని ఒకే కాటాలో వేయుట తగదు. జర్మనీలో 30 ఏండ్లు నిండి, అసలు రూపమున నున్న బండికి 1997 నుండి ప్రత్యేక సంఖ్యాఫలక మిచ్చుచున్నారు. బ్రిటనులో 40 ఏండ్లు దాటినదానికి రోడ్డుపన్ను లేదు. వారి దేశములలో గాలి మన గాలికంటె మలినమైనదని యెవ్వరు చెప్పగలరు?

కావున 50 ఏండ్ల గడువును 30కి తగ్గించి, ఏటికి ఇన్ని మైళ్ళని పరిమితి విధించి, మధ్యతరగతి గృహస్థు భరింపగల రుసుము నిర్ణయింపుడని కేంద్రప్రభుత్వమును కోరుచున్నాము. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వములు తమ కార్యాలయములనుండి తొలగించు పాత వాహనములను గంపగుత్తగా వేలము వేయుటకు ముందు, రకమున కొకటి చొప్పున ప్రదర్శనశాలలకు, పారిశ్రామిక విద్యాలయములకు ఇచ్చుట కష్టమైన కార్యము గాదు. ఆ యంత్రములను విప్పి బిగింప నేర్చిన వృద్ధ మెకానిక్కులు జీవించియుండగానే యువకులకు ఆ విద్య అందవలయును. వారితో అది పోయినచో ఏ వేలములోను కొనుటకు దొరకదు.

వచ్చు తరమువారు దేనిని కోరుదురో మేము చెప్పజాలము. వారు కోరుకొనుటకు ఏదియో యొకటి మిగిల్చి యుంచుట మన చేతిలో నున్న పని.