చమురు ఓడల సంఘం - మనకు దాని పాఠం

సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, గోదావరి పరీవాహక ప్రాంతంలో ఉన్న మన జిల్లాల వారికి చమురు ఓడల యజమానుల సంఘంతో ఏమి పని అని ఈ వ్యాసం పేరు చూచినవారికి సందేహం కలుగవచ్చు. పని ఉన్నదని మా మనవి. మన దేశం వాడుకొనే ముడిచమురులో నూటికి 80 పాళ్ళకు పైగా విదేశాల నుండి వస్తున్నది. అదంతా ఓడల మీదనే వస్తున్నది. 1957లో కాల్‌టెక్స్ కంపెనీ నెలకొల్పిన విశాఖ చమురుశుద్ధి కర్మాగారం నేడు ప్రభుత్వరంగ సంస్థ అయిన హిందుస్థాన్ పెట్రోలియం అధీనంలో ఉన్నది. అక్కడి నుండి విజయవాడ మీదుగా సికింద్రాబాదు వరకు గొట్టపుమార్గమే ఉన్నది. ఆదిలాబాద్ పత్తిని మోసే లారీ అయినా, కరీంనగర్ రైతు ట్రాక్టరు అయినా ఆ ఓడ రాకపోతే కదలవు. ఇక ఆ చమురు పుట్టే గల్ఫ్ దేశాలలో మన అన్నదమ్ములు ఎందరు చెమటోడ్చుచున్నారో మన ఊళ్ళలో ప్రతి గడపకూ తెలుసు.

చమురు ఓడలలో కొన్ని పెద్ద చమురు కంపెనీలవి, కొన్ని ప్రభుత్వాలవి. ఈ రెండు వర్గాలకూ చెందక స్వంతంగా ఓడలు నడిపేవారు స్వతంత్ర యజమానులు. వీరు ఏకం కావడానికి చేసిన తొలి ప్రయత్నాలలో ఒకటి 1934 నాటిది. ఆర్థికమాంద్యం వల్ల సరుకు లేక ఎన్నో ఓడలు లంగరు వేసుకొని నిలిచిపోయిన కాలమది. పని దొరికిన ఓడల వారు తమ రాబడిలో కొంత భాగం ఒక నిధికి చెల్లించాలి. పని దొరకని ఓడలకు ఆ నిధి నుండి పరిహారం ఇవ్వాలి. ఇదీ నాటి ఏర్పాటు. కలిగినవాడు లేనివాడికి తోడుపడడమనే పాత సూత్రమే వ్యాపార ఒడంబడికగా మారిందన్నమాట. రెండవ ప్రపంచయుద్ధంతో ఆ ఏర్పాటు ముగిసింది.

నేడు ఇంటర్‌టాంకో అని పిలువబడే సంఘం 1970లో నార్వే రాజధాని ఓస్లోలో ఏర్పడింది. అంతకు మూడేళ్ళ ముందు, 1967 మార్చిలో, టోరీ కాన్యన్ అనే ఓడ ఇంగ్లండు తీరాన బండలకు కొట్టుకొని లక్ష టన్నులకు మించిన చమురును సముద్రం పాలు చేసింది. అదే సంవత్సరం జూన్‌లో సూయజ్ కాలువ మూతపడగా, ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావడానికి మహాకాయ నౌకల నిర్మాణం ఊపందుకున్నది. 1973లో చమురు ధర నాలుగింతలు కాగా గిరాకీ పడిపోయింది. అప్పుడే కట్టిన కొత్త ఓడలు సైతం నార్వే సముద్రపు పాయలలో పనిలేక నిలిచిపోయాయి. కొత్త సంఘం శైశవం ఇట్టి కష్టకాలంలో గడిచింది.

అసలు పరీక్ష 1989 మార్చి 24న వచ్చింది. అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ అనే ఓడ ఒక దిబ్బకు తగిలి సుమారు 1 కోటి 10 లక్షల గాలన్ల చమురు ఒలికింది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ఆ ఓడ చమురు కంపెనీది. స్వతంత్ర యజమానులది కాదు. కాని చేపలు చచ్చిన తీరవాసికి ఈ భేదంతో నిమిత్తం లేదు. లోకం దృష్టిలో చమురు ఓడలన్నీ ఒక్కటే. 1990లో అమెరికా చేసిన చట్టం, దాని వెంబడి వచ్చిన అంతర్జాతీయ నిబంధనలు జంట పొరల ఓడలను తప్పనిసరి చేశాయి. "అది మా ఓడ కాదు" అని తప్పుకొనే వీలు ఏ సంఘానికీ లేకపోయింది. ఇంటర్‌టాంకో తన సభ్యత్వానికే షరతులు పెట్టుకొన్నది. గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించిన ఓడ కావాలి. కాలుష్యానికి తగిన బీమా ఉండాలి. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న మన పెద్దల మాటకు ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు కనిపించదు.

ఆ సంఘం రచ్చకూ ఎక్కింది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం ఓడలకు వేరుగా నిబంధనలు చేయగా న్యాయస్థానానికి వెళ్ళింది. 2000 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా దాని పక్షాన తీర్పు చెప్పారు. సముద్రానికంతటికీ ఒకే నియమం ఉండాలన్న వాదం సబబైనదే. అయితే ఆ నియమం అన్నిటిలోకి కఠినమైనది కావాలని కూడా సంఘం అంతే గట్టిగా కోరినప్పుడే ఆ వాదానికి నైతికబలం చేకూరుతుందని మా అభిప్రాయం.

2007 డిసెంబరులో దక్షిణ కొరియా తీరాన లంగరు వేసి ఉన్న హెబై స్పిరిట్ అనే ఓడను, తాడు తెగి కొట్టుకొచ్చిన క్రేను పడవ ఢీకొన్నది. సుమారు పదివేల టన్నుల చమురు ఒలికింది. ఆ ఓడ అధికారులైన ఇద్దరు భారతీయులను మొదటి న్యాయస్థానం నిర్దోషులన్నది. పై న్యాయస్థానం జైలుకు పంపింది. ఓడ యజమానుల సంఘాలు, నావికుల సంఘాలు కలిసి ఆందోళన చేశాయి. 2009లో కాని వారు ఇల్లు చేరలేదు. యజమాని, ఉద్యోగి ఒకే గొంతుతో మాట్లాడిన అరుదైన సందర్భమది.

ఇప్పుడు మన రోడ్లను చూద్దాం. ప్రమాదంలో మనిషి మరణించగా పోలీసుకు తెలుపకుండా పారిపోయిన డ్రైవరుకు 10 ఏళ్ళ వరకు శిక్ష విధించవచ్చునని కొత్త న్యాయసంహిత 106వ విభాగంలో చేర్చారు. 2024 జనవరి మొదటి రెండు రోజులలో ట్యాంకరు డ్రైవర్లు చక్రం వదిలారు. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనాన్ని అందరూ చూశారు. లారీ యజమానుల అఖిలభారత సంస్థతో సంప్రదించిన మీదటే అమలు చేస్తామని కేంద్రం చెప్పింది. ఆ సంవత్సరం జులై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని మాత్రం నిలిపి ఉంచారు.

గుంపు దెబ్బలకు భయపడి పారిపోయే డ్రైవరు బాధ నిజమైనది. రోడ్డు మీద ప్రాణం విడిచినవాని ఇంటి దుఃఖమూ నిజమైనదే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనిని నిర్దేశించింది. రాజీవ్ రహదారి మీద రాత్రింబవళ్ళు తిరిగే లారీలలో ఆ నియమం ఎంతవరకు నిలుస్తున్నదో యజమానుల సంఘాలు తమను తాము ప్రశ్నించుకోవాలి. ఓడల సంఘం వలె, విశ్రాంతి ఇవ్వని యజమానికి సభ్యత్వం లేదని అవి అనగలిగిన నాడు ప్రభుత్వమూ ప్రజలూ వారి మాట మరింత గౌరవంగా వింటారు.

ఇట్టి క్రమశిక్షణ మన నేలకు కొత్త కాదు. నాటి కరీంనగర్ జిల్లాలోని ముల్కనూరులో 1956లో రైతులు స్థాపించుకొన్న సహకార సంఘం ఎందుకు నిలిచింది? అప్పు ఇవ్వడంతో ఆగక పంట అమ్మకం దాకా బాధ్యత వహించినందుకు, తీసుకొన్నది తీర్చడం సభ్యుని ధర్మమని నమ్మినందుకు నిలిచింది.

అయితే సంఘం నియమం దాని గడప లోపలికి వచ్చినవానికే వర్తిస్తుంది. 2022 తరువాత రష్యా చమురుపై ఆంక్షలు వచ్చినప్పటి నుండి, ముసలి ఓడలు యాజమాన్యం తెలియకుండా, నమ్మదగిన బీమా లేకుండా సముద్రాలలో తిరుగుచున్నవి. రేపు అందులో ఒకటి పగిలితే నింద మళ్ళీ అందరి మీదా పడుతుంది. నేటి ఓడల సంఘానికి ఇదే పెద్ద చిక్కు.

ఓడ యజమానికి సంఘం ఉన్నది. లారీ యజమానికి సంఘం ఉన్నది. జగిత్యాల నుండి, నిర్మల్ నుండి దుబాయి వెళ్ళే కూలీకి అంత బలమైన సంఘం ఏది? ఉర్దూలో అంజుమన్ అన్నా, తెలుగులో సంఘం అన్నా, చేతులు కలిపినవారికే ఆ బలం. విద్యార్థిమిత్రులు ఈ విషయం ఆలోచించాలి. వెళ్ళేవాని ఒప్పందపత్రాన్ని చదివి, రెండు భాషలలో వివరించి చెప్పగల యువకులు మన కళాశాలలో ఉన్నారు. గ్రంథాలయంలో వారానికి ఒక పూట దీనికొక బల్ల కేటాయించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను వినయపూర్వకంగా కోరుతున్నాము. ఖర్చు స్వల్పం, మేలు కొన్ని కుటుంబాలకైనా కలుగుతుంది.